గజ్జెల కింద జోలపాట

2023 వేసవి. గవర్నర్‌పేటలో హోల్‌సేల్ బట్టల కొట్ల పైన నా గది. ఇంట్లో పాటలు రికార్డు చేసుకున్నవాళ్ళు మాస్టరింగ్ కోసం నా దగ్గరికి వస్తారు. అంటే పాట బయటికి వెళ్ళేముందు జరిగే ఆఖరి పని. ఎక్కడ విన్నా సరిగ్గా వినపడేలా సౌండ్ సరిచేయడం. అందరిదీ ఒకటే కోరిక, “కాస్త సౌండ్ పెంచండి” అని. వినీ వినీ విసుగొచ్చేసింది.

రాధికగారు భవానీపురం నుంచి వచ్చారు. ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం. చిన్నప్పుడు సంగీతం నేర్చుకుని, పెళ్ళయ్యాక వదిలేశారట. కూతురు హారిక మొదటిసారి ఒక్కతే స్టేజి మీద కూచిపూడి చేయబోతోంది. అందులో ఒక పాట ఈవిడే పాడారు, పడకగదిలో ఫ్యాన్ ఆపుకుని, చెమటలు కక్కుకుంటూ. యశోద కృష్ణుణ్ణి నిద్రపుచ్చే పాట అది. ముందు మెల్లగా జోల. పిల్లాడు నిద్రపోకుండా లేచి పరుగెత్తగానే మృదంగంతో జతులు.

“సినిమా పాటంత గట్టిగా రావాలండీ కరీంగారూ.”

“అంత గట్టిగా జోల పాడితే పిల్లాడు నిద్రపోతాడా అండీ?” అన్నాను. నవ్వారు గానీ ఒప్పుకున్నట్టు లేదు.

పాటలో మెత్తనికీ గట్టికీ ఉండే తేడాని మేం డైనమిక్స్ అంటాం. ఆ తేడా చెడకుండానే చేసిచ్చాను. రిహార్సల్ అయిన మర్నాడే ముఖం వేలాడేసుకుని తిరిగొచ్చారు.

“జోల అసలు వినపడలేదండీ. ఈసారీ ఇలాగే ఉంటే వేరేవాళ్ళు పాడిన రికార్డింగ్ పెట్టేద్దామన్నారు డాన్స్ మాస్టారు. ఇన్నేళ్ళకి నోరు తెరిచి పాడానండీ, అదీ నా పిల్ల కోసం.” పమిటతో కళ్ళు తుడుచుకున్నారు.

నా మనసు చివుక్కుమంది. ఆవిడ వెళ్ళాక లిమిటర్ బిగించి చూశాను. గట్టి శబ్దాలని అణిచిపెట్టి, మొత్తం పాటని పైకి లేపే సాఫ్ట్‌వేర్ అది. జోల పైకొచ్చింది. దాంతోపాటు వాళ్ళింట్లో పక్కగదిలో ఫ్రిజ్ చేసే రొదా పైకొచ్చింది. కృష్ణుడు లేచి పరుగెత్తాల్సిన చోట జతులు మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా పడున్నాయి. నాకే చిరాకేసి ఆ ఫైలు పక్కన పడేశాను. ఆవిడకి ఫోన్ చేసి, రిహార్సల్‌కి నేనే వస్తానని చెప్పాను.

హాల్లో ఆఖరి వరసలో కూర్చున్నాను. నేనిచ్చిన మొదటి ఫైలే వేశారు. జోల మొదలైంది. రాధికగారి గొంతు నా దాకా వస్తోంది గానీ, దాని మీద గల్లుగల్లుమని హారిక గజ్జెలు. పిల్లాణ్ణి జోకొట్టే తల్లి కాళ్ళెందుకు కదులుతున్నాయి? మాస్టారు కూడా “కాళ్ళు, కాళ్ళు!” అని కసురుతూనే ఉన్నారు. ఆయన లెక్కలో అది డాన్స్‌లో తప్పు, పాట వినపడకపోవడం నా తప్పు. రెండింటికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టలేదు.

పాట ఆగాక హారికని అడిగాను. “జోల దగ్గర కాలితో తాళం వేస్తున్నావేంటమ్మా?”

“ఇంట్లో ఫోన్‌లో పెట్టుకుని ప్రాక్టీస్ చేస్తానంకుల్. జతులు బాగానే వినిపిస్తాయి. జోల దగ్గర అమ్మ గొంతు వినపడదు. తాళం తప్పుతుందని కాలితో వేసుకుంటా. అలవాటైపోయింది.”

పాట వినపడక పిల్ల కాలు కదిపింది. కాలు కదిపినందుకు హాల్లో పాట వినపడలేదు.

ఆ రోజే రెండు ఫైళ్ళు చేశాను. ఫోన్‌కి చేసినదాంట్లో జోలని జతులతో సమానంగా పెంచేశాను, ఫ్రిజ్ రొద ఉంటే ఉండనీ అనుకుని. స్టేజికి చేసినదాంట్లో జోలని లైను లైనుకీ చేత్తో కొద్దికొద్దిగా పైకి జరిపాను, జతుల్ని ముట్టుకోలేదు. హారికకి ఫోన్‌కి చేసినది ఇచ్చి, “అమ్మ గొంతు వింటూ చెయ్యి, కాలు దానంతటదే ఆగుతుంది” అన్నాను. పాట మార్చకుండా కొన్నాళ్ళు ఆగమని మాస్టారిని బతిమాలుకున్నాను. అయిష్టంగానే సరేనన్నారు.

ప్రోగ్రాం రోజు హాలు నిండా బంధువులు. పెళ్ళికొచ్చినట్టు ఒకటే కబుర్లు. జోల మొదలైంది. హారిక చేతులూ కళ్ళూ తప్ప ఏమీ కదల్లేదు. గజ్జెలు కిక్కురుమనలేదు. అది చూసి ముందు వరసల్లో కబుర్లు ఆగాయి, తర్వాత వెనకా ఆగాయి. రాధికగారు ఊపిరి తీసుకోవడం కూడా నాకు వినిపించింది. జతులు పడగానే నా పక్కనున్న పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. నాకెంత గర్వంగా అనిపించిందో! పాట వినపడాలంటే పాటలోనే పెంచనక్కర్లేదని, దాని చుట్టూ ఏం మోగుతోందో వెళ్ళి వినాలని నాకు తెలిసొచ్చింది ఆ కుర్చీలోనే.

రాధికగారు వెతుక్కుంటూ వచ్చి పక్కన కూర్చున్నారు. “ఎంత బాగా వినపడిందండీ! చాలా పెంచారా?”

“నేను పెంచింది కొంచెమేనండీ. మిగతాది మీ అమ్మాయి కదలకుండా నిలబడి పెంచింది.”

ఆవిడ ఏదో అనబోతుంటే, స్టేజి మీద మాస్టారు మైకు అందుకుని పాట పాడినవారి పేరు చెప్పారు. హాలంతా చప్పట్లు. రాధికగారికి లేచి నిలబడాలని కూడా తోచలేదు. అందరితోపాటు తనూ చప్పట్లు కొట్టేస్తున్నారు.