గేటు ముందు ఆదిబాబు ముక్కు

ఆదిబాబు పనితనాన్ని కళ్లారా చూసినవాడు లేడు. తప్పు ఆయనది కాదు, ఆ పనే అలాంటిది. హిందీ మాట్లాడే ఉక్కు ఊరి పక్కన, గమ్హరియాలో ఒక ఫౌండ్రీలో ఆయన కొలిమి మేస్త్రీ. కొలిమిలోకి దూరి, గోడంతా నిప్పిటుకలు పేర్చి, వాటి మీద మంటకు ఓర్చే సిమెంటు పూత వేసి, చంటిపిల్ల బుగ్గ నిమిరినట్టు తాపీతో నిమిరి బయటికి వస్తాడు. ఇటుకకీ ఇటుకకీ మధ్య బ్లేడు దూరదు. ఆ నునుపు చూసి ఒక్క మనిషి ‘ఆహా’ అనేలోగా లోపల మంట పెట్టేస్తారు. ఆ తరవాత దాన్ని చూసేది కరిగిన ఇనుము. ఇనుము ఎవరినీ మెచ్చుకోదు.

ముఖం సంగతీ అంతే. నెత్తిన హెల్మెట్, కళ్లకు గాగుల్స్, మూతి దాకా తువ్వాలు. బయటికి మిగిలేది ముక్కొక్కటే. ఫౌండ్రీలో ఆదిబాబు అంటే ఆ ముక్కే. అది సామాన్యమైన ముక్కు కూడా కాదు. మొదట వెడల్పు, చివరకొచ్చేసరికి మరీ వెడల్పు. దాని నిండా నల్లచుక్కలు, రవ్వట్టు మీద ఆవాలు చల్లినట్టు. వాటిని ఆయన ఎన్నడూ పట్టించుకోలేదు. మందస వైపు నుంచి రైల్వే గ్యాంగు పనికి వచ్చిన తండ్రికీ ఉండేవి అవే చుక్కలు. ఇక్కడి బాగ్‌బేరా బస్తీలో రైళ్ల కూతల మధ్య పుట్టి పెరిగిన కొడుక్కి ఆస్తిగా వచ్చాయనుకున్నాడు.

అలాంటి మనిషిని ఒకరోజు సేఫ్టీ ఆఫీసరు హరికిరణ్ పిలిపించాడు. కద్మా కాలనీలో పెరిగిన చదువుకున్న కుర్రాడు, మర్యాదస్తుడు. మెట్ల మీద రెయిలింగు పట్టుకోనివాళ్లను చూస్తే మాత్రం మనిషి మారిపోతాడు.

“ఆదిబాబు గారూ, భద్రతా వారోత్సవానికి గేటు ముందు పెద్ద హోర్డింగు పెడుతున్నాం. ముఖం ఒక్కటే, హెల్మెట్‌తో. మీరే ఉండాలి. ఇన్నేళ్లలో మీకు చిన్న గీత కూడా పడలేదు.”

“నానా సార్?”

“మీరే. ఆదివారం నాలుగింటికి ఫోటో. గాగుల్స్, తువ్వాలు తీసేసి రండి. ముఖం కనబడాలి.”

ఆదిబాబు బయటికొచ్చేసరికి కాళ్లు నేల మీద లేవు. తనది అంటూ ఒక వస్తువు మంటలో పడకుండా, పట్టపగలు, రోడ్డు మీద నిలబడబోతోంది. ఆ రోడ్డునే భార్య శాంత సంతకు వెళ్తుంది. బాగ్‌బేరాలో ఉన్న చుట్టాలంతా ఆటోల్లో పోతూ చూస్తారు. ఈ సంతోషం కాంటీనులో టీ చల్లారేదాకా కూడా నిలవలేదు. జతగాడు బలరామ్ ఎదురుగా కూర్చుని, ఆయన ముఖాన్ని అద్దెకు తీసుకోబోయే ఇంటిని చూసినట్టు చూశాడు.

“ఒరే ఆదీ, హోర్డింగు ఎంతుంతాదో తెలుసేట్రా? నీ ముక్కే మంచమంత ఉంతాది.”

“ఉండనీరా.”

“ఉండనీ గాని, ఆ నల్లసుక్కలో? ఒక్కోటి గారెంత వత్తాది. మంచమ్మీద గార్లు ఆరబెట్టినట్టు ఉంతావు.”

పక్క బల్ల వాళ్లు నవ్వారు. ఆదిబాబు కూడా నవ్వాడు గాని, చెయ్యి తనంతట తానే ముక్కు మీదికి పోయింది.

ఇంటికెళ్లి అద్దం ముందు నిలబడ్డాడు. శాంత వంటింట్లోంచి తొంగిచూసింది. ఆమె ఆయనకు సొంత మేనమామ కూతురు. పెళ్లయి పాతికేళ్లు దాటినా “బావా” అన్న పిలుపు మారలేదు.

“ఏటి బావా, అద్దంలో ఎవులున్నారు?”

“ఇవి పోవాలే శాంతా. ఆదివారం లోగా పోవాల.”

శాంతకు విషయం అర్థమయ్యాక ఇల్లు వర్క్‌షాపు అయిపోయింది. మొదట శనగపిండి. పెరుగులో కలిపి పట్టించి, ఎండాక రుద్దింది. చర్మం మెరిసింది, చుక్కలూ మెరిశాయి. తరవాత ఆవిరి. ఇడ్లీ గిన్నె పొయ్యి మీద పెట్టి, దాని మీద మొహం వాల్చమంది. ఆదిబాబు కదలలేదు.

“ఆవిరి పనికి గాగుల్స్ లేకుండా వంగకూడదే.”

“ఇది ఇడ్లీ గిన్నె బావా!”

“ఏ గిన్నైతే ఏటి? ఆవిరి ఆవిరే.”

చివరికి గాగుల్స్ పెట్టుకుని, చేతులకు గ్లౌజులు తొడుక్కుని, ఇడ్లీ గిన్నె మీదికి వంగాడు. గ్యాసు దండగవడం ఎందుకని శాంత అడుగున రెండు రేకుల పిండి కూడా వేసింది. ఇడ్లీలు ఉడికాయి. ముక్కు ఉడకలేదు. ఆ రాత్రి ఇడ్లీలు మాత్రం మెత్తగా వచ్చాయని ఇద్దరూ ఒప్పుకున్నారు.

కూతురు ఉజ్వల ఇదంతా మంచం మీద నుంచి చూస్తూనే ఉంది. తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే పిల్ల.

“మైల్ నహీ హై, పాపా. మురికి కాదు అది. లోపలి నూనె రంధ్రంలో గట్టిపడి, గాలి తగిలి నల్లగా అవుతుంది. రగడ్నే సే నహీ జాయేగా, ఎంత రుద్దినా పోదు.”

ఆదిబాబుకి ఈ మాట నచ్చింది. “అంటే చోకింగన్నమాట. బొక్కలు చోకైపోనాయి. మరి సాఫీ సెయ్యాలంటే?”

“రోజూ ముఖం కడుక్కో, మందు రాయి, దో-తీన్ మహీనే లగేంగే.”

“రెండు మూడు నెలలా? ఫోటో ఆదివారమే!”

ఉజ్వల నిట్టూర్చి తన పెట్టెలోంచి ఒక నల్ల ట్యూబు తీసిచ్చింది. బొగ్గు మాస్కు. పూసుకుని, పదిహేను నిమిషాలు ఆరనిచ్చి, తోలు ఒలిచినట్టు ఒలిచెయ్యాలి. “బస్ నాక్ పే, ముక్కు మీదే. పల్చగా,” అని హెచ్చరించి ఆదివారం పొద్దున్నే స్నేహితురాలింటికి వెళ్లిపోయింది.

ఇక్కడే వచ్చింది చిక్కు. ట్యూబు మూత తీసి, నల్లటి ముద్దను వేళ్ల మధ్య నలిపి చూసిన క్షణంలో ఆదిబాబు ముప్ఫయ్యేళ్ల అనుభవం నిద్రలేచింది. ఇది పూత. పూత అంటే ఆయనకు తెలియనిది లేదు.

పల్చగా వేస్తే పగుళ్లొస్తాయి, కాబట్టి దిట్టంగా వేశాడు. అంచులు లేస్తాయి కాబట్టి బుగ్గల మీదికి నాలుగు వేళ్ల మేర సాగదీశాడు. పైన పట్టు ఉండాలని కనుబొమ్మల మీదికి ఎక్కించాడు. మొదటి పూత తడారగానే రెండోది వేసి, చెంచా వెనకభాగంతో నిమిరాడు. అద్దంలో చూసుకుంటే ఎంత నునుపుగా ఉందో! ఈ పనితనాన్ని ఒక్కసారైనా ఎవరైనా చూస్తే బాగుండుననిపించి శాంతను పిలిచాడు.

శాంత చూసి గరిటె జారవిడిచింది. “ఓలమ్మో! ఇదేటి బావా? పిల్ల ముక్కుకే అంది గదా.”

“అంచు కట్టకపోతే నిలవదే.”

కాసేపటికి ఆమె గడియారం చూసింది. “అయిపోనాది. పదిహేను నిమిషాలు. తియ్యి.”

“పిల్లకేటి తెలుసు? పైపైన ఆరినాది. లోపల పట్టొద్దా? కొలిమి పూతకి రోజంతా ఇత్తాం. క్యూరింగవ్వకుండా తీత్తే పనంతా పాడు.”

“ట్యూబు మీద రాసుంది గదా!”

“రాసినోడు ఎప్పుడైనా కొలిమిలో దిగినాడేటి?”

శాంత ట్యూబును గూట్లో పెట్టి వంటింట్లోకి పోయింది. ఆదిబాబు పెరుగన్నం తిని, ఫ్యాను కింద వెల్లకిలా పడుకుని, పూతకు గాలి సమానంగా తగిలేలా ముఖం సర్దుకుని నిద్రపోయాడు.

మెలకువ వచ్చేసరికి మూడు కావస్తోంది. లేచి ఆవులించబోతే నోరు తెరుచుకోలేదు. నవ్వబోతే బుగ్గలు కదల్లేదు. తిరిగొచ్చిన ఉజ్వల గుమ్మంలోనే నిలబడిపోయింది.

“పాపా! సుబహ్ సే? పొద్దున్నుంచీ?”

“క్యూ... రింగ్,” అన్నాడు ఆదిబాబు, పెదాలు కదపకుండా.

తల్లీకూతుళ్లు చెరో వైపు పట్టుకున్నారు. గడ్డం వైపు అంచు లేచింది. ఉజ్వల “ఏక్, దో” అంది. ‘తీన్’ వినబడలేదు, ఆదిబాబు అరుపులో కలిసిపోయింది. పక్కింటి వాళ్లు గోడ మీద నుంచి “క్యా హువా?” అని అడిగితే, “ఏమీ లేదు, ఫోటోకి తయారవుతున్నాడు,” అని శాంత హిందీలో సర్ది చెప్పింది. మిగిలింది కొబ్బరినూనె, వేడినీళ్లు, కన్నీళ్లు కలిపి ఊడదీశారు.

అంతా అయ్యాక ముగ్గురూ అద్దం ముందు చేరారు. ముక్కు టమాటా అయింది. ఎడమ కనుబొమ్మ సగం మాస్కుతో వెళ్లిపోయింది. నల్లచుక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి. పైగా ఇప్పుడు ఎర్రటి నేల దొరికింది కదా, ఇంకా బాగా కనబడుతున్నాయి.

“పూత మంచిదే,” అన్నాడు ఆదిబాబు. “పట్టు బాగుంది.”

బలరామ్ బండి వెనక కూర్చుని, తల చుట్టూ తువ్వాలుతో, ఆదిబాబు ఫోటోకి వెళ్లాడు. బలరామ్ దారంతా నవ్వుతూనే నడిపాడు. ఒకచోట నవ్వాపుకోలేక బండి పక్కకు ఆపి మరీ నవ్వాడు. సాక్చి బజారు నుంచి వచ్చిన ఫోటో కుర్రాడు తువ్వాలు తీయించి, ఒక్క క్షణం చూసి, “కోయీ బాత్ నహీ, చాచా. కంప్యూటర్ మే హో జాయేగా,” అన్నాడు. ఆ మాట ఆదిబాబు చెవిలో తేనె పోసినట్టయింది. అన్నీ కంప్యూటరే చూసుకుంటుందట!

చూసుకుంది కూడా. వారం తిరగకుండా గేటు ముందు హోర్డింగు లేచింది. పసుపు హెల్మెట్ కింద పెద్ద ముఖం. ‘మన ఆదిబాబు హెల్మెట్ పెట్టుకుంటాడు. మరి మీరు?’ అని హిందీలో అక్షరాలు. ఆదిబాబు కొత్త చొక్కా వేసుకుని, శాంతను వెంటబెట్టుకుని వెళ్లాడు. ఇద్దరూ తలెత్తి నిలబడ్డారు.

“ఎవులు బావా అది?” అంది శాంత.

కనుబొమ్మలు రెండూ ఉన్నాయి, గీసినట్టు. బుగ్గలు ఒలిచిన కోడిగుడ్డు. ముక్కు మీద చుక్క లేదు, రంధ్రం లేదు, వెడల్పు కూడా కాస్త తగ్గించి పెట్టాడు మహానుభావుడు. వయసులో పదిహేనేళ్లు కోసేశాడు.

“నానే,” అన్నాడు ఆదిబాబు, నమ్మకం చాలక.

“నువ్వు కాదు. ఇలాటోడు మా ఇంటికొత్తే మంచినీళ్లిచ్చి పంపేత్తాను, లోపలికి రానివ్వను.”

టీ కొట్టువాడు అది ఏదో సబ్బు ప్రకటన అనుకున్నాడు. గేటు కాపలావాడు “యే హీరో కౌన్ హై?” అని ఆదిబాబునే అడిగాడు. “నేనే” అంటే పొట్ట పట్టుకుని నవ్వి, ఇంకో నలుగురిని పిలిచి మళ్లీ అనిపించాడు. రోజూ వందలమంది ఆ ముఖం కిందనుంచి పోతున్నారు. ‘మన ఆదిబాబు’ అన్న పేరు చదివి, ఆ పేరుతో కొత్తగా ఎవడో చేరాడనుకుంటున్నారు. కొలిమి గోడైనా నయం, మంటలోకి పోయేది తన పనే. ఇక్కడ తనకు బదులు ఇంకెవడో నిలబడ్డాడు.

నాలుగో రోజు అన్నం సయించలేదు. నేరుగా హరికిరణ్ గదికి వెళ్లాడు.

“సార్, నా ముక్కు నాకిచ్చెయ్యండి.”

“ఏమిటండీ?”

“సుక్కలు సార్. బొమ్మ మీద నా సుక్కలు మళ్లీ పెట్టించండి.”

హరికిరణ్ నవ్వలేదు. ఆయన బాధ ఆయనకుంది. పెద్దసారు పొద్దున్నే పిలిచి, మన మేస్త్రీ బొమ్మ పెడతానని సినిమావాడి బొమ్మ ఎందుకు పెట్టావని చీవాట్లు వేశాడు. కొత్తది అచ్చు వేయించే లోపల వారోత్సవం అయిపోతుంది. పెయింటరును పిలిపించాడు. పెయింటరు ఎక్కి చుక్కలు పెట్టడం మొదలెట్టాడు, సమానమైన దూరంలో, వరసగా, సంక్రాంతి ముగ్గుకు పెట్టినట్టు. కింద నిలబడ్డ శాంత చెయ్యెత్తి ఆపింది.

“దిగు నాయనా. అది మా బావ ముక్కు కాదు.”

చివరికి ఆదిబాబే ఎక్కాలని తేలింది. ఎత్తు మీద పని కనుక పర్మిట్ లేనిదే కుదరదన్నాడు హరికిరణ్. పని వివరం దగ్గర కాసేపు కలం కొరికి, ‘ముక్కు మరమ్మతు’ అని రాశాడు. హెల్మెట్, బెల్టు, కింద నిచ్చెన పట్టుకోడానికి బలరామ్. అన్నీ సరిచూసుకుని ఆదిబాబు ఎక్కాడు, జేబులో నల్లరంగు డబ్బా, చేతిలో కుంచె.

ఎక్కాక తెలిసింది, తన ముక్కు తనకు రాదని. ఇన్నేళ్లూ మోశాడే గాని ఏ చుక్క ఎక్కడుందో ఎన్నడూ చూసుకోలేదు. ఎదురుగా గోధుమరంగు మైదానంలా ఉంది. ఎక్కడ మొదలెట్టాలి?

“పైనుంచి రా బావా!” శాంత గొంతు. “గట్టు మీద మూడు. దగ్గర దగ్గరగా. ఊఁ. కుడిపక్క పెద్దదొకటి. ఇంకా పెద్దది. అంత బెరుకేటి, నీ ముక్కే గదా! కిందకి రా. అక్కడ గుంపుంతాది. అలా కాదు, ఎడంగా. ఆఁ, అదీ!”

ఆమె కళ్లు మూసుకునే చెప్పేస్తోంది. షిఫ్టు వదిలిన జనం ఒక్కొక్కరే ఆగారు. “బీచ్ మే భీ హై, మధ్యలో కూడా ఉంది,” అన్నాడొకడు. “దాని కింద చిన్నది మరిచిపోయావు దాదా,” అన్నాడు ఇంకొకడు. కాపలావాడు తన డ్యూటీ మరిచిపోయి ముక్కు రెక్క దగ్గర ఒకటుందని వాదించాడు. ఆ ముక్కును తను తప్ప గమ్హరియా అంతా కంఠస్థం చేసిందని ఆదిబాబుకి ఆ ఎత్తు మీద తెలిసింది.

జనంతో కిక్కిరిసిన టెంపో ఒకటి గేటు ముందు నెమ్మదించింది. లోపల్నుంచి ఎవడో తల బయటపెట్టి, నిచ్చెన మీది మనిషిని కాదు, బొమ్మను చూసి కేకేశాడు. “అరే, యే తో అప్నా ఆదిబాబూ హై! మన ఆదిబాబే!”

బెల్టుకు వేలాడుతూ, మంచమంత ముక్కుకి మొహం ఆనించి ఉన్న ఆదిబాబు వెనక్కి తిరగలేకపోయాడు.

“శాంతా! ఏటంతన్నారే?”

“నిన్నే అంతన్నారు బావా. కదలకు, ఇంకొకటుంది. ఎడమ రెక్క కింద.”