సీతాఫలాలకు నేను పెట్టిన పరీక్ష

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు, ఒక్క సీతాఫలం తప్ప. ఇది ఇప్పుడు రాయడానికి కారణం, మా సీతాఫలాల సంఘంలో కొత్తగా చేరినవాళ్లు నన్ను ‘గ్రేడింగ్ సార్’ అంటూ, కాయను చూసి జాతకం చెప్పే విద్య నాకు పుట్టుకతోనే వచ్చిందని నమ్ముతున్నారు. నమ్మనిస్తే హాయిగానే ఉంటుంది గానీ, మా సంఘం పెద్దక్క ఉన్నంతకాలం ఆ అబద్ధం నిలవదు.

ఉద్యోగ పరీక్షల కోసం అశోక్‌నగర్ హాస్టల్లో చేరి, చిక్కడపల్లి గ్రంథాలయంలో సిలబస్ తప్ప మిగతావన్నీ చదివినవాణ్ణి నేను. పాలమూరు గుట్టల్లో సీతాఫలాలు తెంపే ఆడవాళ్ల సంఘం చిక్కడపల్లి సందులో ఒక షట్టర్ కిరాయికి తీసుకుని, కాయ ఏరడానికి సూపర్‌వైజర్ కావాలంటే, దేశంలో నాకన్నా అర్హుడెవరు? పండ్ల గ్రేడింగ్ మీద లావుపాటి పుస్తకం రెండుసార్లు చదివాను. (అది ఆపిల్ పండ్ల పుస్తకం. పండు పండే కదా అనుకున్నాను.) సైజు కొలవడానికి అట్టముక్కకు గుండ్రటి రంధ్రం కోసి మెడలో వేసుకున్నాను.

మొదటి ఆర్డరు నారాయణగూడ ఐస్‌క్రీమ్ సేఠ్‌ది. సరుకు నచ్చితే సీజనంతా మా దగ్గరే కొంటాడు. నచ్చకపోతే ఆడవాళ్లు మళ్లీ దళారి చెప్పిన రేటుకే అమ్ముకోవాలి. నేను నున్నగా, బిగుతుగా ఉన్నవి ఏరి ‘ఏ గ్రేడ్’ అన్నాను. కాయ మీది గడుల మధ్య సందులు విచ్చి తెల్లబడినవన్నీ పగిలిన సరుకని పక్కన పెట్టాను. నలభై ఏళ్లుగా గుట్ట ఎక్కుతున్న పెద్దక్క కాసేపు చూసింది.

“సందులిచ్చిన కాయనే పండుతది తమ్మీ. నువ్వేరినవి లేతయి, రాళ్ల లెక్క అయితయి.”

పుస్తకంలో అలా లేదని జాలిగా చెప్పాను.

“పుస్తకం రాసినోడు గుట్ట ఎక్కిండా?”

ఆధారం లేని ప్రశ్నలకు నేను జవాబివ్వను.

నాలుగో రోజు సేఠ్ పిలిపించాడు. నా ఏ గ్రేడ్ కాయలు నల్లబడి, బల్ల మీద పెడితే టక్కుమన్నాయి. “ఇవి ఐస్‌క్రీమ్‌కా భాయ్, గోడకా?” అని, మంచి సరుకు తేవడానికి సాయంత్రందాకా గడువిచ్చాడు. తల వంచుకుని బయటికొస్తే, చౌరస్తాలో పెద్దక్క చుట్టూ జనం. నేను పగిలినవని తీసేసినవి పండి, అమ్ముడుపోతూ ఆఖరి గంపకొచ్చాయి. విషయం చెప్పాను. పెద్దక్క తిట్టలేదు, తిట్టినా బాగుండేది. ఆ గంప నా నెత్తిన పెట్టి, అట్టముక్కతో సహా సేఠ్ దగ్గరికి నడిపించింది.

సేఠ్ ఒక పండు విప్పి తిన్నాడు. గింజలు ఉమ్మి, నన్ను దాటి ఆవిడ వైపు చూశాడు. “సీజనంతా మీ సరుకే తీసుకుంట. కానీ ఏరేది నువ్వే అమ్మా.”

“మరి ఈ తమ్మి?” అని అడిగింది పెద్దక్క.

“మోస్తడు.”

ఆ సీజనంతా మోశాను. మోస్తూనే నేర్చుకున్నాను.

కాబట్టి నా కృతజ్ఞతలు: నన్ను తిట్టని పెద్దక్కకు, గడువిచ్చిన సేఠ్‌కు, చదువుతున్నాననుకుని నన్ను నిద్ర లేపని గ్రంథాలయం అటెండరన్నకు, సీతాఫలం ఊసే ఎత్తని ఆ ఆపిల్ రచయితకు (తప్పు ఆయనది కాదు). అట్టముక్క ఇప్పటికీ నా బీరువాలో ఉంది. అప్పుడప్పుడు ఆ రంధ్రంలోంచి చూస్తాను. మెడలో అట్టబిళ్లతో, గంపల మధ్య నిటారుగా నిలబడ్డ ఆ సూపర్‌వైజర్ కనిపిస్తాడు. ఎంత లేతకాయ! అయినా పెద్దక్క పారేయలేదు.