కండ్లు మూసుకొని చూసే పెద్దమ్మ

ఏడో తరగతిలనే బడి ఇడిచి ఉరికినోన్ని, నాకు తలుపుల పనేం తెలుస్తది? అయినా మిస్త్రీకి ఇయ్యనీకి పైసల్లేక, చెన్నూరుల కొత్తింటి టేకు తలుపును నేనే గరుకు కాగితంతోని రుద్ది వార్నిష్ ఏసిన. వానలకు అది ఉబ్బితె దర్వాజ చట్రంల పట్టదని ఒకటే ఫికర్.

పక్కింట్ల కట్టెపని చేసే వడ్లాయన భార్యను పెద్దమ్మ అంటుంటి. ఏ కట్టెనైనా కండ్లు మూసుకొని, చెయ్యితోనే చూసేది. నా తలుపును గట్లనే తడుముకుంట వచ్చి, కింది అంచు కాడ ఆగింది.

"ముఖానికి పౌడర్ రాసి, కాళ్లకు చెప్పులు మరిస్తివి కొడుకా. నీళ్లు గీడికెల్లే తాగుతది."

తలుపు ఊడదీసి, ఆ అంచుకు మూడుసార్లు వార్నిష్ తాగిపిచ్చిన. వానలు దంచికొట్టినంక గూడ తలుపు ఒక్క ఏలుతోని మూసుకున్నది.

"ఇగ నేనే మిస్త్రీని!" అని వాడంత చాటుకుంటుంటె పెద్దమ్మ ఇన్నది.

"వానకు ఆగే తలుపైతె చేసినవ్. ఇగ నీ నోటికొకటి చెయ్యి బిడ్డా."