మూడో మిషన్ గురించి అడిగిన గొంతు

దయ్యాలన్నా, ఎక్కణ్ణుంచో మాటలు వినిపించాయన్నా మొదట్నుంచీ నాకు నవ్వే. ఇంజనీరింగ్ చదివాను. ఏం జరిగినా దానికో కారణం ఉంటుందని నమ్మే రకాన్ని. అందుకే ఇది బయట ఎవరికీ చెప్పలేదు.

మేముండేది జంషెడ్‌పూర్‌లో, మాంగో అనే పేటలో. నది దాటి ఆదిత్యపూర్‌లో, ఇనుప రేకులు వంచే ఒక చిన్న ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్‌గా అప్పుడే చేరాను. ఇంకా మిషన్లుండే షెడ్డులోకి కూడా అడుగుపెట్టలేదు. ఇంతలో కార్మికులందరికీ హిందీలో భద్రత గురించి చెప్పాలన్నారు.

నలుగురి ముందు మాట్లాడటం నాకు చేతకాదు. కాలేజీలో ఒకసారి ప్రసంగం సగంలో ఏడుస్తూ స్టేజీ దిగిపోయాను.

స్నేహితురాలు ఒక ఏఐ యాప్ చూపించింది. మనం మాట్లాడుతుంటే విని, ఎక్కడ తొందరపడ్డామో చెబుతుంది. తర్వాత సభలో కూర్చున్న మనిషిలా ప్రశ్నలు వేస్తుంది. హిందీ, ఇంగ్లీషు తప్ప దానికి వేరే భాష రాదు.

ప్రసంగానికి ముందురోజు సాయంత్రం ఇంట్లో హాల్లో నిలబడి హెల్మెట్లు, గ్లవుజుల గురించి చెప్పాను. యాప్‌లోని ఆడగొంతు హిందీలో ఏవో అడిగింది. జవాబులిచ్చాను. అప్పుడు ఫోన్‌లోంచి ఒక పెద్దాయన గొంతు వినిపించింది.

"మూడో మిషన్ మీద కవరు ఊగతంది. చూసినావేటమ్మా?"

వంటింట్లోంచి అమ్మ కేకేసింది. "ఎవలొచ్చేరే? మనోల్లాగ మాటాడతన్నారు!"

"కోయీ నహీ అమ్మా, ఫోనే," అన్నాను. తెరమీద చూస్తే అన్నీ హిందీ ప్రశ్నలే. ఆ మాట లేదు.

మర్నాడు పొద్దున్నే తిన్నగా షెడ్డుకి వెళ్లాను. మూడో మిషన్, అంటే రేకులు వంచే ప్రెస్సు మీద అప్పలరాజు బాబాయ్ పనిచేస్తున్నారు. మాలాగే శ్రీకాకుళం వైపు మనిషి, అమ్మకి తెలిసినవారే. మిషన్ ఆపమన్నాను.

"ఏటమ్మా, వత్తూనే ఆపమంటన్నావు? పనాగిపోద్ది."

"పైన కవరొకసారి చూడాలి బాబాయ్. నువ్విలా పక్కకి రా."

ఆయన గొణుక్కుంటూ వచ్చారు. నేను పిలిచిన మెకానిక్ నిచ్చెనెక్కి, పెద్ద చక్రానికి రక్షణగా బిగించిన ఇనుప కవరు మీద పానా పెట్టాడో లేదో, అది ఊడి ధడేల్మని కిందపడింది. అంతకుముందు బాబాయ్ నిలబడ్డ చోటే. బోల్టులన్నీ అరిగిపోయి ఉన్నాయి.

బాబాయ్ అక్కడే కూలబడిపోయారు. "బతికిపోనాను తల్లీ," అన్నారు. ఏడుపొచ్చింది, కానీ అది భయంతో వచ్చింది కాదు.

మధ్యాహ్నం కార్మికుల ముందు మాట్లాడాను. ముందు వరసలో బాబాయ్ నిక్షేపంలా కూర్చుని టీ తాగుతున్నారు. ఆయన్ని చూస్తూ చివరిదాకా తడబడకుండా చెప్పేశాను.

యాప్ వాళ్లకి రాస్తే, తమ దగ్గర తెలుగు గొంతే లేదన్నారు. నేను భ్రమపడ్డానంటే ఒప్పుకుంటాను. మరి అమ్మకెలా వినిపించింది? బాబాయ్‌కి మాత్రం అసలు సంగతి చెప్పలేదు. "నీ కళ్లు శానా చురుకమ్మా," అంటారాయన. సరేనంటాను.