మరుగు అనే మాట ఇచ్చిన మనిషి

సింగపూరు క్లెమెంటిలో నేను గది అద్దెకు తీసుకున్న ఇంటి అంకుల్ ఇక లేరు. కబురు ఆఫీసులో ఉండగా వచ్చింది. ఆంటీ ఫోన్ చేసి, "పొద్దున కాఫీ తాగి, పేపరు చదువుతూ కునుకు తీసినట్టే ఉన్నారమ్మా. నేను డ్యూటీకి వెళ్తూ లేపబోయాను," అన్నారు. అంతవరకు నర్సు గొంతుతోనే చెప్పారు. "నువ్వొకసారి వస్తావా?" అన్న దగ్గర మాత్రం ఆ గొంతు భార్యది అయిపోయింది.

సింగపూరు తెలుగువాళ్ళలో ఆయన్ని ఎరిగినవాళ్ళు తక్కువ. సంఘాల్లో తిరిగే మనిషి కాదు. కాకినాడలో కాలేజీ పిల్లలకు రాజ్యాంగం పాఠాలు చెప్పేవారు. ఆంటీకి ఇక్కడ ఆస్పత్రిలో ఉద్యోగం వస్తే, తన ఉద్యోగం వదిలేసి ఆవిడ వెంట వచ్చేశారు. "ఇక్కడ మీరేం చేస్తుంటారండీ?" అని ఎవరైనా అడిగితే, "మా ఇంట్లో రాష్ట్రపతిని. సంతకాలు నావి, నిర్ణయాలు ప్రధానమంత్రిగారివి," అని వంటింటి వైపు చూపించేవారు. "అయితే రాష్ట్రపతిగారు చెత్త పడేసి రావాలి," అని లోపల్నించి జవాబొచ్చేది. ఆయన సంచీ పట్టుకుని లేచేవారు.

ఆయనకో వింత సరదా ఉండేది. బ్యాంకు నుంచి వచ్చే కవరు చించి లోపలి వైపు ఎప్పుడైనా చూశారా? నీలంగానో బూడిదరంగుగానో గీతలు, అలలు, గళ్ళు అచ్చేసి ఉంటాయి, దీపానికి అడ్డంగా పట్టినా ఉత్తరం పైకి కనపడకుండా. అంకుల్ వాటిని పోగుచేసేవారు. అంచులు విప్పి, ఇస్త్రీ చేసి, ఆల్బంలో అంటించేవారు. "నా చీరలకి లేదు ఆ భాగ్యం," అని ఆంటీ దెప్పేవారు. పక్క ఫ్లాట్లవాళ్ళు కూడా తెచ్చిచ్చేవారు. ఉత్తరం లోపలే ఉన్న కవరిస్తే మాత్రం తీసుకునేవారు కాదు.

"స్టాంపులైతే ఓ అర్థం ఉంది. ఇవెందుకు అంకుల్?" అన్నాను మొదట్లో.

"స్టాంపు నన్ను చూడు అంటుందమ్మా. చూడొద్దని చెప్పడానికి ఇంత అందంగా గీశాడే, వీణ్ణెవరు మెచ్చుకుంటారు?"

ఏ ఊళ్ళోనూ, ఏ గదిలోనూ కుదురుగా ఉండని నేను ఆ ఇంట్లో మాత్రం ఉండిపోయాను. అప్పట్లో సైన్స్ పార్కులో ఓ చిన్న కంపెనీలో చేస్తున్నాను. ఆఫీసు ఈమెయిళ్ళను ఇతరులు చదవకుండా భద్రపరిచే సాఫ్ట్‌వేర్ మాది. అమ్మకి ఫోన్లో అది చెప్పబోతే, "రహస్యాలు దాచే పనా? మంచివాళ్ళకి రహస్యాలెందుకే?" అంది. ప్రైవసీకి తెలుగు మాటేమిటని అంకుల్‌ని అడిగాను.

"గోప్యత అంటే అది ప్రభుత్వాలది. ఏకాంతం అంటే సన్యాసులది, లేకపోతే కొత్తగా పెళ్ళైనవాళ్ళది," అంటూ రెండు రోజులు అదే ధ్యాసలో తిరిగారు. ఓ ఉదయం వంటింటి గుమ్మంలో ఆగి, "మరుగు," అన్నారు.

"ఇంకా మరగలేదండీ, నీళ్ళు ఇప్పుడే పెట్టాను," అన్నారు ఆంటీ.

"అది కాదోయ్. మరుగుదొడ్డిలో మరుగు."

"పొద్దున్నే ఆ మాటేంటి?"

"అక్కడ తలుపేసుకున్నవాణ్ణి దొంగంటామా? తప్పు చేసేవాడికే మరుగు కావాలనుకోవడం ఎంత పొరపాటో ఆ మాటే చెప్తోంది." నా వైపు తిరిగి, "మీ అమ్మగారికి ఇది చెప్పు," అన్నారు.

చెప్పాను. అమ్మ అది మా పిన్నికి చెప్పింది. పిన్ని ఫోన్ చేసి, సింగపూరు దాకా వెళ్ళి మరుగుదొడ్ల కంపెనీలో చేరావేమిటని బాధపడింది. అది విని అంకుల్ కళ్ళజోడు తీసి తుడుచుకునేంతగా నవ్వారు.

ఆ మాట నాకు పనికొచ్చిన రోజు ఒకటుంది. మా సాఫ్ట్‌వేర్ కొంటామన్న సంస్థ ఒక షరతు పెట్టింది. ఏ ఉద్యోగి మెయిలైనా తెరిచే తాళం చెవి వాళ్ళ డైరెక్టరు ఒక్కరి చేతిలోనే ఉండాలి. ఆ పని నా మీద పడింది. చేయనంటే ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతోపాటు ఈ దేశంలో ఉండే అనుమతీ పోతుంది. చేస్తే, అక్కడి జనమంతా తలుపుల్లేని గదుల్లో కూర్చున్నట్టే.

సంగతి చెప్తే, అంకుల్ నన్ను వీరనారిని కమ్మని అనలేదు. "తాళం చెవి వద్దని ఎవరన్నారు? ఒక్క చేతిలో వద్దు," అన్నారు. "ఆ డైరెక్టరు మంచివాడే అంటున్నారు," అన్నాను. "రాజ్యాంగం చెడ్డవాళ్ళ కోసం రాసింది కాదమ్మా. మంచివాడికి కూడా ఓ చెడ్డరోజు వస్తుంది. ఆ రోజు కోసం రాసింది."

తాళం చెవిని రెండు ముక్కలు చేశాను. ఒకటి సిబ్బంది వ్యవహారాలు చూసేవాళ్ళకి, ఒకటి లెక్కల విభాగానికి. ఇద్దరూ కలిస్తేనే మెయిలు తెరుచుకుంటుంది. తెరిచినట్టు ఆ ఉద్యోగికి దానంతటదే కబురు వెళ్తుంది.

"సో ట్రబుల్‌సమ్ లా," అని మా బాస్ సింగపూరు యాసలో విసుక్కున్నాడు.

"ఇబ్బంది పెట్టడమే దాని పని," అన్నాను. అది అంకుల్ మాటే. తర్వాతది నాది: "రేపు మన కంపెనీని ఎవరైనా కొనేస్తే, ఆ ఒక్క తాళం చెవితో మీ మెయిళ్ళూ తెరుచుకుంటాయి." కంపెనీలు కూరగాయల్లా చేతులు మారుతున్న రోజులవి. బాస్ కాసేపు తన స్క్రీన్ వైపు చూసి, "ఓకే లా. టూ కీస్. వాళ్ళకి నేను చెప్తాను," అన్నాడు. ఏం చెప్పాడో తెలియదు, వాళ్ళు ఒప్పుకున్నారు. నా ఉద్యోగం నిలిచింది.

పోయినవాళ్ళని కనుమరుగయ్యారంటాం. ఆయన వెతికి తెచ్చిన మాట అందులోనూ ఉందని అంత్యక్రియల నాడు తట్టింది. ఆయన ఉండి ఉంటే, చెప్పగానే తనకి ముందే తెలుసన్నట్టు తలూపేవారు.

ఆ మరుసటి వారం మా సాఫ్ట్‌వేర్ కొన్న ఆ సంస్థ నుంచి, ఆంగ్ మో కియోలోని వాళ్ళ ఆఫీసుకి రమ్మని పిలుపొచ్చింది. ఒక ఉద్యోగి ఆస్పత్రిలో, స్పృహలో లేడు. అతని మెయిల్లో ఉన్న డ్రాయింగు అత్యవసరంగా కావాలి. రెండు తాళం చెవులు మొదటిసారి కలవాలి. నేను వెళ్ళేసరికి సిబ్బంది విభాగం ఆవిడ కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. లెక్కల విభాగం ఆయన పక్కనే నిలబడ్డాడు. ఇద్దరికీ అంతగా పడదని ముందే విన్నాను. ఆవిడ తన సంకేతపదం కొట్టడం మొదలుపెట్టగానే ఆయన చేతులు వెనక్కి కట్టుకుని కిటికీ వైపు తిరిగాడు. తర్వాత ఆయన కూర్చున్నాడు. ఈసారి ఆవిడ వెళ్ళి అదే కిటికీ దగ్గర నిలబడింది. అటు తిరగమని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. బయట వాన పడుతోంది. ఆయన ఒక్కొక్క అక్షరమే నొక్కుతున్నంతసేపూ ఆవిడ ఆ వాననే చూస్తూ ఉంది.