ఊ కొట్టే ఉద్యోగం

మొన్న వేదాద్రిలో స్వామివారి కళ్యాణానికి వెళ్ళాను. జనం కిక్కిరిసి సెల్‌ఫోన్లు ఎవరివీ సరిగ్గా పలకకపోవడంతో, దారి చూపించే పిల్లలకు తలా ఒక వాకీటాకీ ఇచ్చారు. మా పక్కనే నిలబడ్డ అమ్మాయి, స్నానాల మెట్ల దగ్గర రద్దీ ఎక్కువైందని ఎవరికో చెప్పే తొందరలో మీట నొక్కకముందే మాట్లాడేసింది. అవతలివాళ్ళకు సగం మాటే చేరినట్టుంది, మళ్ళీ చెప్పమన్నారు, మళ్ళీ అదే చేసింది. ముందు నొక్కి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు నోరు విప్పమ్మా అని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది గాని, పక్కనే ఉన్న మా ఆడపడుచు కళ్ళతోనే వారించింది. నోరైతే మూసుకున్నాను, కుడిచేతి బొటనవేలు మాత్రం నా మాట వినకుండా గాల్లోనే మీట నొక్కుతూ కూర్చుంది.

నందిగామ కాలేజీలో డిగ్రీ ముగించుకుని నేను జగ్గయ్యపేటలో మా ఇంటికి చేరేసరికి తొంభైల చివరికొచ్చాం. నాన్నది బట్టల కొట్టు. మా వంశంలో గజంబద్ద వదిలిపెట్టి లారీలు కొన్న మొదటి మనిషి బాబాయి. గనిలో సున్నపురాయి ఎత్తించుకుని ముక్త్యాల వైపున్న సిమెంటు ఫ్యాక్టరీకి తోలడం ఆయన వ్యాపారం. ఊరి చివర రోడ్డుపక్కన ఒక గది, అందులో బల్ల, రెండు కుర్చీలు, మూలన గ్రీజు డబ్బాలు, అదే ఆఫీసు. ఖాళీగా ఇంట్లో కూర్చోవడం నాకు ఆ రోజుల్లో నిప్పుల మీద కూర్చున్నట్టుండేది. బాబాయిని బతిమాలి ఆ రెండో కుర్చీలో చేరాను. నాన్న వద్దనలేదు గాని షరతు పెట్టాడు: వానలు మొదలయ్యేలోగా అక్కడ నాకంటూ ఒక పని ఏర్పడితే సరేసరి, లేదంటే గుంటూరు వెళ్ళి అక్క పిల్లల్ని చూసుకోవాలి. అక్కన్నా, పిల్లలన్నా నాకు ప్రాణమే, అయినా చదువుకున్నదంతా పక్కన పెట్టేసి పాలసీసాలు కడగడానికి వెళ్ళాలంటే ఏడుపొచ్చేది. ఎవరూ చూడకుండా ఒకటి రెండుసార్లు ఏడ్చాను కూడా.

గనికీ ఫ్యాక్టరీకీ మధ్య ఒక వాగు, దానిమీద ఒక్క లారీ మాత్రమే పట్టే చప్టా ఉండేవి. రెండువైపులా గుట్టలు, మలుపులు, అవతలి నుంచి బండి వస్తోందో లేదో కనబడదు. దానికి మా డ్రైవర్లు ఒక ఏర్పాటు చేసుకున్నారు. అటునుంచి వరసగా వచ్చే బళ్ళలో చివరి బండివాడు ఒక ఎర్ర తువ్వాలు తెచ్చి ఇటు ఆగి ఉన్నవాళ్ళ చేతికిస్తాడు. ఇక అటునుంచి ఎవరూ లేరు, మీరు కదలొచ్చు అని దానర్థం. తువ్వాలు ఏ గట్టున ఉంటే దారి ఆ గట్టువాళ్ళది. ఏళ్ళ తరబడి ఈ పద్ధతి చక్కగా సాగింది. ఒకనాడు తువ్వాలు అందుకున్న డ్రైవరొకాయన, మేనకోడలి పెళ్ళి తొందరలో బండిని ఇంకొకరికి అప్పజెప్పి, దాన్ని అలవాటుగా భుజాన వేసుకుని నందిగామ బస్సెక్కేశాడు. ఇక చూడండి, రెండు గట్లమీదా లారీలు బారులు తీరాయి, తువ్వాలు అవతలివాళ్ళ దగ్గరుందని ఇవతలివాళ్ళు, ఇవతలే ఉందని అవతలివాళ్ళు, పొద్దున్నించీ మధ్యాహ్నం దాకా మర్యాదగా ఒకరికోసం ఒకరు ఆగారు. చప్టా మీద పిట్టపురుగు లేదు. రాయి ఏదయ్యా అని ఫ్యాక్టరీ నుంచి మనిషొచ్చి అడిగేదాకా బాబాయికి సంగతే తెలియదు.

ఆ దెబ్బతో బళ్ళలో రేడియోలు పెట్టించాలని బాబాయి పట్టుబట్టాడు. సెల్‌ఫోన్లు అప్పటికింకా పెద్ద ఊళ్ళలో పెద్దవాళ్ళ చేతుల్లోనే ఉండేవి. పెట్టించాలి సరే, ఏ రేడియో అన్న దగ్గర ఇంట్లో యుద్ధం మొదలైంది. పిన్ని తమ్ముడికి నందిగామలో ఎలక్ట్రికల్ కొట్టుంది, మామయ్య అనేవాళ్ళం. చేతి సెట్లు కొనమని ఆయన వాదన. జేబులో పడతాయి, బండికి మేకు కొట్టే పని లేదు, డ్రైవరు పంక్చరుకు దిగినా, టీకి దిగినా చేతిలోనే ఉంటుంది. బాబాయి మనసు సీబీ సెట్ల మీద ఉంది. అవి క్యాబిన్లో బిగించేవి, లారీ బ్యాటరీతోనే నడుస్తాయి, క్యాబిన్ మీద పొడుగాటి ఏరియలు నిలబడుతుంది, ఆఫీసు డాబామీద ఇంకా పొడుగాటిది పెడితే మాట గుట్ట దాటుతుంది. టీకి దిగినవాడితో నాకేం పని బావా, బండి తోలేవాడితో నాకు పని అనేవాడు. రెండింటికీ ఢిల్లీ నుంచి అనుమతి తెచ్చుకోవాలి, ఆ తిప్పలేవో ఆయనే పడ్డాడు.

నేను ఏ పక్షమో వేరే చెప్పాలా? చేతి సెట్లయితే డ్రైవర్లు వాళ్ళలో వాళ్ళే మాట్లాడేసుకుంటారు, నడుమ మనిషితో పనిలేదు. సీబీ అయితే ఆఫీసులో ఒక పెద్ద సెట్టు పెట్టాలి, దాని ముందు ఎవరో ఒకరు కూర్చోవాలి. ఆ ఎవరో నేనే కావాలని ఎన్ని మొక్కులు మొక్కానో. సెట్లు రాకముందే అద్దం ముందు గరిటె పట్టుకుని గంభీరంగా మాట్లాడటం సాధన చేస్తుంటే పిన్ని చూసి, ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని దెప్పి, మళ్ళీ తనే దగ్గర కూర్చుని, గొంతు కాస్త పెంచవే, లారీ మోతలో వినబడొద్దూ అంది.

ముందు చేతి సెట్ల పరీక్ష జరిగింది. క్యాబిన్ రేకు మధ్య కూర్చుని మాట్లాడితే మాట అక్కడే ఉండిపోయేది. ఒక చెయ్యి కిటికీలోంచి బయట పెట్టి మాట్లాడాల్సొచ్చేది, ఇంకో చెయ్యి స్టీరింగు మీద, మరి గేరు ఎవరు వెయ్యాలి? గుట్ట అడ్డమొస్తే ఇంక మూగనోమే. పొద్దువాలకముందే ఛార్జి అయిపోయేది, పేటలో ఉన్న కరెంటు కోతలకు మళ్ళీ ఎక్కించడం ఒక ప్రహసనం. ఒకాయన దాన్ని టీ కొట్లో మరిచిపోయాడు. బండి ఎక్కడుందని బాబాయి అడిగినప్పుడల్లా టీ కొట్టాయనే ఎత్తి, ఇక్కడే ఉందండి, ఇప్పుడే బయల్దేరుతుందండి అని ఎంతో వినయంగా జవాబిచ్చాడు. మామయ్య ముఖం చిన్నబోయింది. పాపం, ఆయన సెట్లలో తప్పేం లేదు, తిరిగే మనిషికి పనికొచ్చేవి తిరిగే బండికి పెట్టాం, అంతే.

తరవాత సీబీ సెట్లు బిగించారు. మాట గుట్ట దాటింది, నా గుండె గంతులేసింది. ఏరియళ్ళు తుమ్మకొమ్మలకు తగిలి వంగేవి, ఇంజను మోతకు సెట్టులో ఒక రొద ఉండేది, అయినా వినబడేది. మిట్టమధ్యాహ్నం వేళల్లో మాత్రం ఏ దేశాలనుంచో, ఏ భాషల్లోనో గొంతులు ఊడిపడేవి, ఆకాశానికి తగిలి వచ్చి పడతాయని మామయ్య చెప్పాడు. మా డ్రైవర్లందరిలోకీ సీనియరును అందరూ పెద్దాయన అనేవాళ్ళు. ఆయన మొదటిసారి ఆ గొంతు విని, అమ్మాయిగారూ, ఎవరో దొరగారు లైన్లోకొచ్చారండి, ఏదో అడుగుతున్నారు, ఏం చెప్పమంటారు అని కంగారుగా అడిగాడు. ఆయన మనకోసం కాదులెండి అంటే, అట్టాగైనా పలకరించకుండా ఊరుకుంటే ఏమనుకుంటారోనండి అని బాధపడ్డాడు.

ఆ మర్యాదే మా కొంప ముంచబోయింది. మన వైపు ఎవరైనా ఒక సంగతి చెబుతుంటే వినేవాళ్ళు ఊ కొట్టాలి. కొట్టకపోతే వినడం లేదని చెప్పేవాడికి కోపం, కొట్టనివాడికి గర్వమని పేరు. మా డ్రైవర్లందరూ మంచి ఇళ్ళల్లో పుట్టినవాళ్ళు కావడంతో, ఒకరు మాట్లాడుతుంటే మిగిలినవాళ్ళు ఎవరి బండిలో వాళ్ళు మీట నొక్కి, ఊ అనేవాళ్ళు. ఆ రేడియోలో ఒక వేళకు ఒక్కరే మాట్లాడాలి, ఇద్దరు కలిసి నొక్కితే మాట పోయి కుయ్‌మని ఈల మిగులుతుంది. చెప్పి చూశాం, బతిమాలాం. సరేనండి అనేవాళ్ళు, ఆ అనడం కూడా అందరూ కలిసే అనేవాళ్ళు. ఆ ఈల విని విని బాబాయికి విసుగెత్తిపోయింది. చేతి సెట్లలోనూ ఇదే గోల అని మామయ్య ఒప్పుకున్నాక, ఇంక రెండూ వద్దు, తువ్వాలే నయం, రేపు ఊడబీకి పంపించేద్దాం అన్నాడు బాబాయి. ఆ మాట నాన్న చెవిన పడింది. సాయంత్రం వచ్చి తీసుకెళ్తాను, ఆదివారం గుంటూరు ప్రయాణం అని కబురు చేశాడు. ఆ పూట నేను మైకు ముట్టుకోకుండా కుర్చీలో ముడుచుకుని కూర్చున్నాను.

మధ్యాహ్నం దాటాక వాన పట్టుకుంది. పేటలో చినుకులే గాని, ఎగువన ఎక్కడో గట్టిగా కురిసినట్టుంది. ఉన్నట్టుండి సెట్టులో పెద్దాయన గొంతు వినిపించింది. ఖాళీ బండితో ఫ్యాక్టరీ నుంచి తిరిగొస్తున్నాడు. అందరూ వినండర్రా, చప్టా మీద అన్నాడు, అంతే, కుయ్‌మంది. మళ్ళీ మొదలెట్టాడు, చప్టా మీద, మళ్ళీ ఊ, మళ్ళీ ఈల. ఆయన గొంతులో ఆదుర్దా పెరిగేకొద్దీ వినేవాళ్ళు ఇంకా శ్రద్ధగా ఊ కొడుతున్నారు. గని వైపు నుంచి రాయి నింపుకుని బళ్ళు చప్టా మీదికే దిగుతున్నాయని నాకు తెలుసు, బాబాయికీ తెలుసు. ఆయన నా కుర్చీ వెనక నిలబడి దాని వీపు గట్టిగా పట్టుకున్నాడు.

డాబామీది ఏరియలు పొడుగు, మా సెట్టు మాట్లాడితే మిగతావాటి గొంతు తగ్గుతుంది. మైకు అందుకుని మీట నొక్కిపట్టి, పిన్ని చెప్పినంత గొంతుతో అన్నాను. "ఎవరూ ఊ కొట్టొద్దండి. మీ అందరి తరఫునా నేనే కొడతాను. మీటల మీంచి వేళ్ళు తియ్యండి. పెద్దాయన గారొక్కరే చెప్తారు."

వేలు తీశాను. ఈల లేదు, రొద తప్ప ఏమీ లేదు.

"చప్టా మీద నీళ్ళొచ్చేశాయండి అమ్మాయిగారూ."

"ఊ," అన్నాను.

"చక్రం మునిగే లోతుందండి. అటునుంచి ఎవర్నీ దిగనివ్వొద్దు."

"ఊ," అని, ఆయన చెప్పిందంతా నా గొంతుతో మళ్ళీ చెప్పి, ఒక్కొక్క బండినీ పిలిచాను. పిలిచినవాళ్ళే పలికారు. గుట్ట దగ్గర ఆపేశానండి అని ఒకరు, గనిలోనే ఉన్నానండి అని ఒకరు. అందరికంటే ముందున్న బండి మాత్రం ఎంతకీ పలకలేదు. రెండోసారి పిలిచాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. అప్పుడొచ్చింది జవాబు, రొప్పుతూ. "ముందు చక్రాలు తడిశాయండి. రివర్సులో ఎనక్కి తీసేశా. గట్టుమీదున్నా." బాబాయి కుర్చీ వదిలిపెట్టి, గోడకు చేరగిలబడి, దేవుడి పటం ఏ దిక్కున ఉందో కూడా చూసుకోకుండా దణ్ణం పెట్టుకున్నాడు.

ఎప్పుడొచ్చాడో నాన్న, గుమ్మంలో గొడుగుతో నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మని బాబాయి పిలిచినా రాలేదు. వాన తగ్గేదాకా బళ్ళు ఎక్కడివక్కడే ఉంచుతూ, ఒక్కొక్కరికీ మాట అందిస్తూ నేనుంటే, అంతసేపూ వింటూ నిలబడ్డాడు. చివరికి గొడుగు మడిచి తలుపు వెనక ఆనించి, "నీ పని చూసుకునే రామ్మా, తొందరేం లేదు," అని తలమీద చెయ్యి అడ్డుపెట్టుకుని ఆ చినుకుల్లోనే వెళ్ళిపోయాడు. గుంటూరు ఊసు మళ్ళీ ఎత్తలేదు.

బళ్ళకు సీబీ సెట్లే ఖాయమయ్యాయి, ఆఫీసులో కుర్చీ నాదైంది. చేతి సెట్లలో రెండింటిని బాబాయి గనిలో రాయి ఎత్తించే మేస్త్రీలకు ఇప్పించాడు, మామయ్యకు పోయిన పరువు తిరిగొచ్చింది. ఆ వానాకాలం నించీ కొన్నేళ్ళపాటు ఎవరేం చెప్పినా చెప్పడం అయ్యాక నేనే ఊ కొట్టాను. ఎవరింట్లో పిల్లకు జ్వరమో, ఎవరి తమ్ముడికి టీచరు ఉద్యోగం వచ్చిందో, ఒకరికి చెబితే బళ్ళన్నిట్లోనూ వినబడేది. సాయంత్రానికి ఆ ఇంటికి పళ్ళో, పలకరింపో చేరేవి. పెళ్ళయ్యాక కూడా ఆ కుర్చీ వదల్లేదు, మా ఆయన కూడా వదలమనలేదు.

రెండువేలు దాటిన కొన్నాళ్ళకు సెల్‌ఫోన్లు డ్రైవర్ల జేబుల్లోకీ వచ్చేశాయి. ఏరియళ్ళు దించేశాం. వాగుమీద వంతెన కట్టారు, రెండు లారీలు ఎదురెదురుగా ధీమాగా పోతున్నాయి. దానికి సంతోషించనివాళ్ళెవరు? ఇప్పుడు ఎవరి కబురు వాళ్ళకే చేరుతుంది, ఎవరి మాటకూ ఎవరూ అడ్డం రారు. కాకపోతే ఒకరి కష్టం అందరి చెవినా పడే దారి మూసుకుపోయింది. పెద్దాయన పోయిన సంగతి నాకు వారం తరవాత తెలిసింది.

మా అమ్మాయి విజయవాడలో ఉద్యోగం చేస్తూ రోజూ రాత్రి భోజనాలవేళకు ఫోను చేస్తుంది. అది చెబుతున్నంతసేపూ నేను పెదవి కదపను, అలవాటు పోలేదు. అమ్మా, ఉన్నావా లైన్లో, అని మధ్యలో విసుక్కునేది. ఉన్నానే, నువ్వు చెప్పడం కానివ్వు అనేదాన్ని. ఈమధ్య ఆ అడగడం మానేసింది. మొన్న వేదాద్రి నుంచి వచ్చాక నేనే చాలాసేపు ఏదేదో చెప్పుకుపోయాను, అటునుంచి చప్పుడు లేదు. ఫోను కట్టయిందేమోనని చెవి నుంచి తీసి చూడబోయాను. నా మాట పూర్తయిందని రూఢి చేసుకుని, ఒక్క క్షణం ఆగి, అప్పుడంది అది, ఊ అని.