సూరిబాబు పేరు కొట్టిన గిన్నె

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. పాలతోనే బతికినవాణ్ణి. పాలు విరిగితే గిన్నె సరిగా తోమలేదంటాను గానీ దిష్టి తగిలిందని ఏనాడూ అనలేదు. ఇప్పుడు చెప్పేది దయ్యం కథో కాదో నాకు తెలియదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

తొంభైల చివర్లో అమలాపురంలో మాకు మిఠాయి కొట్టు ఉండేది. జున్ను కోసం అల్లవరం వైపు పల్లెలన్నీ తిరిగేవాణ్ణి. గేదె ఈనిందని కబురొస్తే చాలు, స్కూటరు తీసేవాణ్ణి. అక్కడి ఆడవాళ్ళు జున్నుపాలలో బెల్లం, మిరియాలపొడి కలిపి ఆవిరి మీద పెడితే, కత్తితో కోసిన ముక్క కోసినట్టే నిలబడేది. మా కొట్లో ఎంత తంటాలు పడినా అలా కుదిరేది కాదు.

వాళ్ళలో సత్యవతి ఒకతి. భర్త సూరిబాబు కొబ్బరికాయలు దింపేవాడు. ఆ పని లేని రోజుల్లో ఒకసారి చేపల వేటకు పడవెక్కాడు. తుఫాను వచ్చింది. తక్కినవాళ్ళ శవాలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి, అతనిది రాలేదు. సత్యవతి బొట్టు తీయలేదు, కర్మ చేయనివ్వలేదు.

గేదె ఈనినప్పుడల్లా, సూరిబాబు పేరు కొట్టించిన స్టీలు గిన్నెలో అతని వాటా జున్ను వేరుగా పెట్టేది. అది గట్టిపడితే మనిషి బతికున్నట్టేనని ఆమె నమ్మకం. జున్నుపాలు గట్టిపడక ఏం చేస్తాయి? నాలో నేనే నవ్వుకునేవాణ్ణి.

సూరిబాబు కనబడకుండా పోయాక, గేదె రెండో ఈతప్పుడు నేను వెళ్ళేసరికి ఆమె అన్న వీర్రాజు ఉన్నాడు. చెల్లెల్నీ, మేనకోడల్నీ ఆలమూరు తీసుకుపోదామని వచ్చాడు. ఆమె ససేమిరా అంది. అతను నన్ను పక్కకు పిలిచి ఏడ్చినంత పని చేశాడు.

"బాబాయిగారూ, ఆ గిన్నెలో మామూలు పాలు పోసెయ్యండి. గట్టిపడకపోతే దానికే తెలుస్తాదండి. పిల్ల బడి మానేసి కూలికెల్తందండి."

నాకూ అది న్యాయంగానే తోచింది. సత్యవతి గిన్నెలు నింపి, దూడను కట్టేయడానికి దొడ్లోకి వెళ్ళింది. నేను ఆ గిన్నె ఒంపేసి, నీళ్ళతో కడిగి, నా క్యానులోని మామూలు పాలు పోశాను. ఆ పొద్దున్నే వేరే ఇంట్లో తీసుకున్న పాలవి. బెల్లం, మిరియాలు నేనే కలిపాను. గిన్నెను నేనే ఆవిరి మీద పెట్టాను. అది మొదలు నేనూ వీర్రాజూ పొయ్యి దగ్గర్నుంచి కదల్లేదు.

అరగంటకు ఆమె వచ్చి మూత తీసింది. పుల్ల గుచ్చి చూసింది. గిన్నెను పళ్ళెంలో బోర్లించింది. జున్ను ఎక్కడా చెదరకుండా నిలబడింది.

"గట్టిపడిందా?" అన్నాను.

"ఆయ్, గట్టిపడిందండీ. ఉన్నారండీ ఆయన."

వీర్రాజు రెండడుగులు వెనక్కి వేశాడు. ఆమె ముక్క కోసి నా చేతిలో పెట్టింది. తిన్నాను. అది జున్నే.

బెల్లానికి పాలు విరిగాయందామంటే, విరిగితే నీరు వేరవుతుంది, ముక్క నిలబడదు. క్యానులో మిగిలిన పాలు ఆ సాయంత్రమే మా ఇంట్లో అదే విధంగా ఉడికించాను. అవి పాలుగానే ఉన్నాయి. పాలిచ్చిన ఇంటికి వెళ్ళి అడిగాను. వాళ్ళకున్నది ఒకే గేదె, ఈని ఆరు నెలలైంది.

వీర్రాజు పిల్లను మాత్రం ఆలమూరు తీసుకెళ్ళి బళ్ళో వేశాడు. కూతురు వెళ్తుంటే సత్యవతి గుండె బాదుకుని ఏడ్చింది గానీ, ఆ ఇల్లు వదల్లేదు. ఇల్లు తాళం వేసుంటే ఆయన ఎక్కడికి వస్తారండీ అనేది. సూరిబాబు రాలేదు. ఏ కబురూ రాలేదు.

నేను చేసింది ఆమెకు చెప్పలేకపోయాను. తప్పు ఒప్పుకుందామని ఎన్నిసార్లో స్కూటరు తీశాను. కానీ మామూలు పాలే గట్టిపడ్డాయని తెలిస్తే, ఇక ఆమెను ఆ గుమ్మంలోంచి కదిపేదెవరు? ఆమె ఆశ తెంపబోయి, ఆ ఆశకే సాక్షినై ఆమెనే అక్కడ కట్టేశాను. ఆ పాపం నాదే.

కొట్టు మూసేశాక, రెండువేల ఆరులో అనుకుంటాను, చివరిసారి చూశాను. జుట్టు నెరిసింది, బొట్టు అలాగే ఉంది. పక్కింటావిడను పిలిచి నన్ను చూపించింది. "ఈ బాబాయిగారు కళ్ళారా చూసేరండీ. చెప్పండి బాబాయిగారూ, గట్టిపడిందా లేదా?"

"గట్టిపడిందమ్మా" అన్నాను. అది నిజమే. ఎలా గట్టిపడిందో మాత్రం ఈనాటికీ నాకు తెలియదు.